అదే దగ్గు

"అమావాస్యనాడు నా దగ్గరికి ఎవ్వరు రారక్కా. అందుకే గీ పని గీ రోజుకు పెట్టుకున్న. కొత్త సైటు మాట్లాడుకునేటోడు అమావాస్యనాడు మాట్లాడడు. పైసలిచ్చేటోడు ఇయ్యడు. లొల్లి పెట్టుకునేటోడు సుత రేపు పెట్టుకుందాం తియ్ అంటడు. ఇగ నేను, నేను చేసిన పాత వెబ్‌సైట్లు. ఒక్కొక్కటి తెరుస్త, పాణంతోని ఉన్నదా లేదా సూస్త, మూస్త. నువ్వొక్కదానివే వచ్చినవు, అండ్ల ఇయ్యాల పెత్రామాస."

"మాకు అమావాస్య లేదు, పున్నమి లేదు పిల్లా. ఆదివారం ఒక్కటే అడ్డం," అంది మార్త, మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటూ.

తాండూరులో స్టేషన్ నుంచి బజారుకు పోయే దారిలో, ఒక సిమెంటు దుకాణం మీది అంతస్తులో ఉంది నిఖిల గది. కింద లారీ ఆగినప్పుడల్లా కిటికీ అద్దం వణుకుతుంది. డ్రైవర్లు కన్నడంలో ఒకరినొకరు కేకలేసుకుంటారు. బండలు కోసే యూనిట్ల దగ్గర లేచిన దుమ్ము ఇంత దూరం వచ్చి కీబోర్డు సందుల్లో తిష్ట వేస్తుంది. అందుకని నిఖిల వాళ్ళమ్మ పాత చీర ముక్క ఒకటి కంప్యూటర్‌కు కప్పి ఉంచుతుంది. ఇవాళ ఆ ముక్క ఇంకా తెర మీదే ఉంది. అమావాస్య పని, అమావాస్య పని అంటూనే ఆ పిల్ల దాన్ని తీయలేదన్న సంగతి మార్త కూర్చోగానే గమనించింది.  తెచ్చిన డబ్బా మూత తీసి కేకు ముక్క ఒకటి ముందుకు జరిపింది.

మార్తది వికారాబాద్. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మాడగొట్టి, మళ్ళీ చేసి, మళ్ళీ మాడగొట్టి నేర్చుకుంది. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మధ్యలో అడ్డం రాదు. కేకు పొంగుతున్నప్పుడు పొయ్యి మూత తీయకూడదని తెలిసిన మనిషి కదా, ఆ ఓపిక ఆమెకు అన్నిట్లోనూ ఉంది. తనకూ ఒక వెబ్‌సైటు ఉంటే బాగుంటుందని పొద్దున్నే రైలెక్కి వచ్చింది.

"ముందు నువ్వు చేసినవి సూపియ్యి. సూసినంక నాది మాట్లాడుకుందాం."

నిఖిల చీర ముక్క తీసి మడత పెట్టింది. "సూపిస్త. కాని అసలు సైట్లు సూపియ్య. నకళ్ళు సూపిస్త."

"అసలుండంగ నకలెందుకు?"

నిఖిల నవ్వింది. ఆ నవ్వు కేకు తిన్నాక వచ్చింది కాదు, చాలాసార్లు చెప్పిన కథ మళ్ళీ చెప్పాల్సి వచ్చినప్పటి నవ్వు. "అక్కా, నేను సైటు కట్టి తాళంచెవులు వాళ్ళ చేతుల పెడత. ఇగ ఆ ఇల్లు వాళ్ళది. పెంకులు తీస్తరా, గోడ కూలగొడ్తరా, నేను అడిగేటందుకు లేదు. ఫంక్షన్ హాలాయనకు తెల్లగ, సాఫ్‌గ చేసిస్తి. నెల తిరగకముందే వాళ్ళ మరదితోని అక్షరాలు ఉరికిపిచ్చిండు. ఎర్రయి ఇటుకెల్లి అటు ఉరుకుతయి, పచ్చయి అటుకెల్లి ఇటు ఉరుకుతయి. నడుమల గుద్దుకుంటయి."

మార్తకు నవ్వాగలేదు.

"కందిపప్పు మిల్లు సేటు పప్పు ఫోటో తీసేసి లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ పెట్టిండు. గా లీడర్ పార్టీ మారిండు. ఫ్లెక్సీ మారలే. అనంతగిరి కాడ రిసార్టాయన సైటు పేరుకు కిరాయి కట్టుడు మర్చిపోయిండు. ఇంకెవడో గా పేరు కొనుక్కున్నడు. ఇప్పుడు తెరుస్తె బట్టతలకు నూనె అమ్ముతున్నరు. ఇవన్నీ నాకు ఎట్ల తెలిసినయనుకున్నవు? ఒక స్కూలాయన వచ్చి నీ పని సూపియ్యమ్మా అన్నడు. గొప్పగ రిసార్టు తెరిచిన. నూనె సీసా వచ్చింది. ఆయనకు బట్టతల."

"అయ్యో!"

"లేచి పోయిండు. ఏమనలే. అంటే బాగుండు."

ఆ రోజు నుంచి నిఖిల ఒక పద్ధతి పెట్టుకుంది. సైటు అప్పజెప్పిన రోజు అది ఎట్లా ఉందో అట్లాగే ఒక నకలు తీసి తన దగ్గర పెట్టుకుంటుంది. యజమాని ఎన్ని మార్పులు చేసుకున్నా ఆ నకలును తాకదు. తను చేసిన పనులన్నీ ఒకే పేజీలో వరుసగా గళ్ళు గళ్ళుగా పెట్టింది. ఆ పేజీ నెట్‌లోనే ఉంటుంది, ఎవరు ఏ గడి నొక్కినా ఆ నకలు తెరుచుకుంటుంది. మర్పల్లి పిల్ల. వికారాబాద్‌లో బీకాం చదివింది. హైదరాబాద్‌లో కొన్నాళ్ళు ఒక ఆఫీసులో కూర్చుంది. పోనూ రానూ రైల్లోనే బతుకు తెల్లారిపోతోందని మానేసి ఇక్కడ గది తీసుకుంది. ఇంట్లో వాళ్ళకు ఆమె పని ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు. చేతికి దొరికే వస్తువేదీ ఆమె తయారు చెయ్యదు. ఆ గళ్ళ పేజీ ఒక్కటే, నేను ఇది చేశాను అని వేలు పెట్టి చూపించడానికి ఆమెకున్నది.

ఆమె సైట్లకు ఇంకొక ప్రత్యేకత ఉంది. ప్రతి సైటులోనూ చిన్న మీట ఒకటి ఉంటుంది. అది నొక్కితే యజమాని తన గొంతుతో పలకరిస్తాడు. "మనోళ్ళు రాసింది ఏడ చదువుతరక్కా? మనిషి పిలిస్తెనే వస్తరు. అందుకే పిలిపిస్త," అంటుంది నిఖిల. సైటు పాతబడి కొత్త హంగులు వచ్చినప్పుడు యజమానులు మొదట తీసేసేది ఆ మీటనే. కాబట్టి ఆ గొంతులు ఇప్పుడు నిఖిల నకళ్ళలో తప్ప ఇంకెక్కడా లేవు. మార్త ఒక గడి నొక్కింది. కందిపప్పు సేటు "దయచేయండి" అన్నాడు. ఇంకొకటి నొక్కింది. ఫంక్షన్ హాలాయన దగ్గరి చుట్టంలా పిలిచాడు. మార్తకు ముచ్చటేసింది. మూడో గడిలో నీలం బండల ఫోటో ఉంది, వాన వెలిసిన తర్వాతి ఆకాశం రంగు. దాని మీదికి వేలు పోతుండగా నిఖిల చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది.

"అది వద్దక్కా."

చెయ్యి చల్లగా ఉంది. మార్త తన చెయ్యి తీసుకోలేదు.

"ఇయ్యాల పొద్దు వంగకముందు దాన్ని తీసేస్తనని పద్మమ్మకు మాటిచ్చిన. పొద్దుగాల్నుంచి చెయ్యి వస్తలేదు. నేను తియ్యకపోతే ఆమె బియ్యం ఇయ్యది. ఆమె బియ్యం ఇయ్యకపోతే వినయ్ ఇటు ఉన్నోళ్ళల్ల ఉండడు, అటు పోయినోళ్ళల్ల ఉండడు."

పెత్రామాసనాడు పోయిన పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యమూ కూరగాయలూ ఇస్తారని మార్తకు తెలుసు. చుట్టుపక్కల ఇళ్ళలో ఏటా చూస్తూనే ఉంది. బతికున్న మనిషి పేరు మీద మాత్రం ఎవరూ ఇవ్వరు.

"వినయ్ ఎవరు పిల్లా?"

నిఖిల చెప్పడం మొదలుపెట్టింది.

నాగేశ్వర్, వినయ్ అన్నదమ్ములు. తాండూరు శివారులో బండల పాలిషింగ్ యూనిట్ ఉంది వాళ్ళకు. నిఖిలకు మొదటి పెద్ద పని ఇచ్చింది వాళ్ళే. సైటు వద్దని అన్న, కావాలని తమ్ముడు. చివరికి తమ్ముడిదే నెగ్గింది. గొంతు రికార్డు చేసే రోజు వినయ్ యూనిట్‌లోనే, కోసిన బండల మధ్య నిలబడి మాట్లాడాడు. మాట మధ్యలో దగ్గాడు. బండల దుమ్ము ఊరికే పోనిస్తుందా? మళ్ళీ చెబుతానన్నాడు. నిఖిలే వద్దంది. ఆ దగ్గుతో ఆ మాటకు నిజం వచ్చిందని ఆమెకు అనిపించింది.

రెండేళ్ళ కింద వానాకాలంలో కాగ్నా వాగు పొంగినప్పుడు వినయ్ బండి మీద దాటబోయాడు. బండి దొరికింది, తుమ్మ కంపలో చిక్కుకుని. మనిషి దొరకలేదు. ఎక్కడెక్కడో వెతికారు, కర్ణాటక దాకా పోయి అడిగివచ్చారు. వాళ్ళమ్మ పద్మమ్మ మాత్రం దొరకలేదు అనే మాటనే పట్టుకుని కూర్చుంది. దొరకలేదంటే ఎక్కడో ఉన్నాడని కదా అంది. ఆ ఏడు పెత్రామాసకు భర్త పేరు మీద, అత్తమామల పేరు మీద బియ్యం ఇచ్చింది. కొడుకు పేరు అయ్యగారు ఎత్తబోతే లేచి లోపలికి పోయింది.

నాగేశ్వర్ సైటు మార్పించాడు. తమ్ముడి ఫోటో, తమ్ముడి గొంతు అమ్మ కంట, చెవిన పడకూడదని తీయించేశాడు. హైదరాబాద్ వాళ్ళు వచ్చి అంతా కొత్తగా చేసిపోయారు. నిఖిల దగ్గరున్న నకలు సంగతి ఆయనకు తెలియదు. ఇది నకలు అని దాని మీద ఎక్కడా రాసి లేదు. పెళ్ళి ఫోటో మీద పట్టీ అంటించినట్టు ఉంటుందని నిఖిల రాయలేదు.

పోయిన ఎండాకాలం కొడంగల్ నుంచి బిచ్చయ్య అనే ఆయన యూనిట్‌కు వచ్చాడు. కొత్తిల్లు కట్టుకుంటున్నాడు, బండలు కావాలి. నాగేశ్వర్‌కు అన్నం గిన్నె తెచ్చిన పద్మమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది.

"వినయ్ పటేలు ఏడున్నడమ్మా? రమ్మన్నడు," అన్నాడాయన.

పద్మమ్మ లేచింది. "ఎవరు రమ్మన్నరు?"

"వినయ్ పటేలే. నిన్న ఫోన్ల. ఎప్పుడన్న రండి, నేను ఈడనే ఉన్న అన్నడు."

పద్మమ్మ ఆయన మణికట్టు పట్టుకుంది. చెప్పులు కూడా వేసుకోలేదు, కాళ్ళ కింద రాతి ముక్కలు. "ఎట్లున్నడయ్యా? గొంతు మంచిగున్నదా? దగ్గుతున్నడా?"

బిచ్చయ్య ఆలోచించి చెప్పాడు. "ఆ... జర దగ్గిండు."

"సూసినవారా!" అని ఆమె లోపలున్న పెద్ద కొడుకును కేకేసింది. "తువ్వాల కట్టుకోరా మూతికి అంటే విన్నడా? దగ్గుతున్నడంట! నా కొడుకు దగ్గుతున్నడంట!"

కోత యంత్రం ఆగిపోయింది. పనివాళ్ళంతా నిలబడిపోయారు. నాగేశ్వర్ ముఖం చూసి బిచ్చయ్యకు ఏదో పొరపాటు జరిగిందని తోచి, జేబులోంచి ఫోన్ తీసి, బండల కోసం నెట్‌లో వెతికినప్పుడు తను విన్నది వాళ్ళకు వినిపించాడు. నకలు పేజీ. నీలం బండలు. వినయ్ గొంతు.

పద్మమ్మ ఏడవలేదట. విని, "ఇంకొకసారి" అందట. అంతే. బిచ్చయ్య తటపటాయిస్తుంటే ఆమే తన వేలితో నొక్కుకుందట.

ఇక్కడికి వచ్చాక నిఖిల మంచినీళ్ళు తాగింది. కింద లారీ వెనక్కి తీస్తూ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. మార్త కేకు డబ్బా మూత పెట్టి, చప్పుడు కాకుండా పక్కన పెట్టింది.

"నాగేశ్వరన్న ఫోన్ చేసిండక్కా. మా తమ్ముని గొంతు నీ దుకాణంల పెట్టుకొని గిరాకీ గుంజుతున్నవా అన్నడు. ఏమనాలె? నిజమే కదా, నేను మంచిగ చేసిన పని అదొక్కటే. దాన్ని సూసి మస్తు మంది వచ్చిండ్రు నా దగ్గరికి. తీసేస్తనన్న అని ఫోన్ పెట్టిన. పెట్టిన్నో లేదో, పద్మమ్మ చేసింది. తియ్యకు బిడ్డా, నీ కాళ్ళు మొక్కుత, వాన్ని ఉండనియ్యి అన్నది. ఏం చెయ్యాలె? ఉంచిన."

"అన్నకేం చెప్పినవు?"

"ఆమె ఫోన్ చేసిందని చెప్పిన. ఆయన ఇగ ఏమనలే. కన్నతల్లి కదక్కా."

పద్మమ్మ అప్పటికి వికారాబాద్‌లో కూతురింటికి వచ్చేసింది. యూనిట్ మొహం చూడలేకపోయింది. మొబైల్ దుకాణం ఆయనతో ఆ పేజీని ఫోన్‌లో ఎదురుగా కనిపించేటట్టు పెట్టించుకుంది. రోజూ పాలు కాగేవేళ నొక్కేది. పేజీ ఎప్పుడెప్పుడు తెరుచుకుందో నిఖిలకు ఇక్కడ తెలుస్తుంది. పొద్దున్నే తను పళ్ళు తోముకుంటుండగా ఫోన్ మీద పేజీ తెరుచుకున్న గుర్తు కనిపించేది. ఆమె నొక్కింది, వాడు పలికాడు.

"ఒకనాడు సైట్లన్నీ వేరే చోటికి మార్చాల్సొచ్చింది. ఒక పూట అన్నీ బందయినయి. అందరికన్న ముందుగాల ఆమెదే ఫోన్. బిడ్డా, వాడు పలుకుతలేడు, ఏమయిందో సూడు అన్నది. దవాఖాన్ల డాక్టరమ్మను అడిగినట్టు అడిగింది. నాకు చేతులు ఆడలే. గప్పటికెల్లి కరెంటు పోతే పరేషానే, నెట్టు ఆగితే పరేషానే. అమావాస్యనాడు ఈ పేజీ తెరిచేటప్పుడు ఎట్లనో అయితుండె. నేను నా పనిని కాపాడుకుంటున్ననా, మనిషికి ఊపిరి ఊదుతున్ననా? ఒకదినం గదిల ఒక్కదాన్నే ఉన్న. దగ్గు వినబడ్డది. పేజీ తెరిచి లేదక్కా, నీమీద ఒట్టు. కింద సిమెంటు బస్తాలు దించేటోడు దగ్గిండని అనుకున్న. అనుకోవాలె కదా."

మార్త కిటికీ వైపు చూసింది. కింద నిజంగానే ఎవరో బస్తాలు దించుతున్నారు. ఎవరూ దగ్గలేదు.

"మరి ఇప్పుడు తీసెయ్యమన్నదెవరు?"

"ఆమెనే."

పోయిన వారం పద్మమ్మ ఈ మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ మీద చేతులు వేసుకుంటూ, మెట్టు మెట్టుకూ ఆగుతూ. ఇప్పుడు మార్త కూర్చున్న కుర్చీలోనే కూర్చుంది. మంచినీళ్ళు తాగింది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, కొడుకు గొంతు ఒకసారి నొక్కి, నిఖిలకు వినిపించింది. తర్వాత అడిగింది.

"నువ్వు రోజు విన్నవా బిడ్డా?"

"రోజు వినలే అమ్మా."

"నేను విన్న. రోజు అక్కడనే దగ్గుతడు. నచ్చితెనే తీస్కోండి అంటడు, దగ్గుతడు. ఎండాకాలం గట్లనే దగ్గిండు, వానలు పడ్డంక గట్లనే దగ్గిండు. బతికున్న మనిషైతే ఒక్కనాడన్న తక్కువ కావాలె, లేకుంటె ఎక్కువన్న కావాలె. ఇది అదే దగ్గు."

నిఖిల పక్కకు వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"సముదాయించకు," అంది పద్మమ్మ. "నాకు తెలిసింది. వాడు ఈడనే ఉన్న అంటడు, మంది నమ్మి వస్తరు. గా కొడంగలాయన బస్సు చార్జీ పెట్టుకొని వచ్చిండు. నా కొడుకు ఎవ్వర్ని ఉత్తగ తిప్పలే. ఉన్న అంటె ఉండేటోడు. గిప్పుడు వాని మాట తప్పుతున్నది. పెత్రామాస వస్తున్నది. వాడు అక్కడ కూసోని ఉన్న, ఉన్న అని పిలుస్తుంటె నేను ఏ నోటితోని వాని పేరు చెప్పి బియ్యం ఇయ్యాలె? నువ్వు పెట్టినవు, నువ్వే తియ్యి. తీసినంక నాకు కబురు చెయ్యి. గప్పుడు ఇస్త."

లేవబోతూ మళ్ళీ కూర్చుంది. "గొంతు పారెయ్యకు. నాకు సుత ఇయ్యకు, ఇస్తె నేను నొక్కుత. నీ దగ్గరనే ఉంచు, మూత పెట్టి."

కథ అక్కడికి వచ్చి ఆగింది. కింద రోడ్డు మీద ఎవరో తంగేడు పూల మోపు దించి బేరం చేస్తున్నారు. సాయంత్రానికి ఎంగిలిపూల బతుకమ్మ. ఊరంతా ఒక పక్క పోయినవాళ్ళను తలచుకుంటూ, ఇంకో పక్క పూలు ఏరుకుంటూ ఉన్నట్టుంది.

"తియ్యొద్దనిపిస్తున్నదా నీకు?" మార్త మెల్లగా అడిగింది.

"ఆమె చెయ్యి వదిలింది. నా చెయ్యి వదుల్తలేదక్కా. అన్న తీసేసిండు, అమ్మ తియ్యమన్నది. వాడు ఉన్న అనే జాగ ఇంకెక్కడ లేదు. నేనొక్కదాన్నే మిగిలిన. నేను సుత నొక్కితే..."

"నేను నొక్కాల్నా?"

నిఖిల ఆమె వైపు చూసింది. కాసేపు నిజంగానే ఆలోచించినట్టుంది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "వద్దు. నువ్వు వాన్ని సూడలే. ఎరిగినోళ్ళే పంపాలె."

కుర్చీ దగ్గరికి జరుపుకుంది. నీలం బండల గడి తెరిచింది. పేజీ విచ్చుకుంది, దుమ్ము లేని వెలుతురులో వరసగా బండలు, పక్కన ఒక కుర్రాడు, నవ్వబోయి ఆపుకున్న ముఖం. నిఖిల మీట నొక్కింది.

"నమస్తే. నేను వినయ్‌ని మాట్లాడుతున్న. నీలం బండ గావాల్నా, పసుపు బండ గావాల్నా, మా కాడికి రండి. చేత్తోని ముట్టి సూడండి. నచ్చితెనే తీస్కోండి..."

దగ్గు వచ్చింది. చిన్నదే. చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు వినిపించింది.

"...ఎప్పుడన్న రండి. నేను ఈడనే ఉన్న."

ఇంతకుముందు రెండు గొంతులు విన్నప్పుడు మార్తకు ఇట్లా లేదు. అతను జవాబు కోసం ఆగినట్టు అనిపించింది. రండి అని పిలిచిన మనిషికి వస్తున్నామని ఎవరో ఒకరు చెప్పాలి కదా. తన దేవుడి పేరు మనసులో అనుకుని, ఆ కుర్రాడి ముఖం వైపు చూసి తలూపింది.

నిఖిల గొంతు ఒక్కదాన్ని వేరే చోట దాచింది. తర్వాత పేజీ తీసేసింది. తీసేయాలా అని కంప్యూటర్ ఒకసారి అడిగింది. అవునంది. వెతికి చూసింది, దొరకలేదని వచ్చింది. పద్మమ్మ రెండేళ్ళు పట్టుకుని వేలాడిన మాటే అది.

గళ్ళ పేజీలో కందిపప్పుకూ ఫంక్షన్ హాలుకూ పక్కన ఒక గడి ఖాళీ అయింది. వెనక గడిని ముందుకు జరిపితే సరిపోతుంది. నిఖిల జరపలేదు.

"అది గట్లనే ఉండనియ్యి," అంది.

"నీకు గిరాకీ పోదా?"

"ఖాళీ ఎందుకున్నదని అడిగేటోళ్ళు అడుగుతరు. చెప్పాలనిపిస్తె చెప్త." కళ్ళు తుడుచుకుని, ఒక్కసారిగా పని మీదికి మనసు తెచ్చుకుంది. "మరి నీ కేకుల సైటు? నీ గొంతు పెట్టాల్నా, వద్దా?"

మార్త ఆలోచించింది. వచ్చేటప్పుడు ఆ మీట మీదే ఆమెకు ఎక్కువ మోజు. "పెట్టు. కాని ఉన్న అనను. అడిగితె చేసిస్త అని చెప్త. గంతే."

నిఖిల నవ్వింది. ఈసారి నవ్వు వేరు. లేచి చీర ముక్క కంప్యూటర్ మీద కప్పింది. మెట్ల దాకా మార్త వెంట వచ్చి, కేకు డబ్బా చేతికిచ్చి, ఆ చెయ్యి వదలకుండా చెప్పింది.

"అక్కా, వికారాబాద్ బండి వచ్చే టైమయింది. దిగినంక ఇంటికి పోకు. పద్మమ్మ మీ చర్చి ఎనక గల్లీలనే, బిడ్డ ఇంట్ల ఉంటది. సీదా ఆమె కాడికి పో. నేను ఫోన్ చేస్తె నమ్మది, ఫోన్ల మాట మీద ఆమెకు ఇగ నమ్మకం లేదు. నువ్వు ఎదురుంగ నిలబడి, నీ నోటితోని చెప్పు. వినయ్ దుకాణం మూసిండమ్మా అని చెప్పు. పొద్దు వంగకముందే బియ్యం ఇయ్యమని చెప్పు. పో అక్కా, జర జల్ది పో."